నాలుక కింది పోగు

మా పిల్లికి రాగల ఆపదలన్నిటికీ ముందే అడ్డుకట్ట వేశాననుకున్నాను. రేబిస్ సూది వేయించాను. పిల్లులకు వాంతులు, విరేచనాలు, జలుబు ముదిరి ప్రాణం మీదికి రాకుండా వేసే ఇంకో టీకా ఉంటుంది. అది మా ఊళ్లో దొరక్కపోతే బస్సులో కరీంనగర్ తీసుకుపోయి వేయించాను. పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా అక్కడే అయింది. కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించాల్సిన రోజులకు గోడమీది క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను. నీళ్ల డ్రమ్ముకు మూత చేయించాను. ఎలుకల మందు మా ఇంట్లోకి రానివ్వకపోవడమే కాదు, పక్కింటి వాళ్లను కూడా బతిమాలి మాన్పించాను.

మా ఆవిడ నవ్వేది. "మనుషులకు లేని పంచాంగం పిల్లికి రాసినవ్. నా బీపీ గోలీలు ఒడిసినయ్, గది యాదికున్నదా?"

యాదికి ఉండేది. నా పనే అది. మా ఊరి మరమగ్గాల కార్ఖానాలకు లెక్కలు చూస్తాను. ఎంత నూలు దిగింది, ఎంత బట్ట నేశారు, ఎంత వేస్టు పోయింది అన్నవి నా చేతి మీదుగా పోతాయి. ఏడో తరగతితో బడి మానేశాను. మిగతాదంతా గోదాముల్లో నూలు బస్తాల మీద కూర్చుని, ఎవరో పారేసిన కాగితాల వెనక పక్క గీసుకుంటూ నేర్చుకున్నదే. అలా నేర్చుకున్నవాడికి లెక్క మీద గురి ఎక్కువ ఉంటుంది. లెక్కకు అందిన అపాయం సగం తీరిపోయినట్టే అనిపిస్తుంది.

మా ఇంటి ముందు గదిలో నాలుగు సాంచెలున్నాయి. మరమగ్గాన్ని మా దిక్కు సాంచె అంటారు. వాటిని నడిపేది మా అన్న. పదిహేనేళ్ల వయసు నుంచి ఆ చప్పుడులోనే ఉన్నాడు. చెవులు ఒక్కసారిగా పోలేదు. ముందు పిట్టల అరుపులు పోయాయి, తర్వాత ఫోను మోత, ఆ తర్వాత మనుషుల మాట. ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడితే పెదవులు చూసి చాలా మటుకు పట్టేస్తాడు. వెనక నుంచి ఎంత అరిచినా లాభం లేదు. పెళ్లి చేసుకోలేదు. ఎవరన్నా అడిగితే, "నలుగురితోని ఏగుతున్న గద, ఇంకొకతె ఎందుకు?" అని సాంచెల వైపు చూపిస్తాడు.

పిల్లిని తెచ్చింది ఎలుకల కోసం. గంజి వాసనకు ఎలుకలు వచ్చి నూలు కొరుకుతాయి. అది వచ్చిన కొన్నాళ్లకే ఎలుకలు రావడం మానేశాయి గానీ, ఎవరం అనుకోని ఇంకో పనికి అది కుదురుకుంది. అన్నకు చెవులైంది. సాంచెల మధ్య చెక్కపీట మీద కూర్చుంటుంది. తలుపు దగ్గర ఎవరన్నా పిలిస్తే దాని చెవులు అటు తిరుగుతాయి. అన్న దాని చెవులు చూసి తలుపు వైపు చూస్తాడు. ఒకసారి వెనక సాంచె మోటారు కాలబోతుంటే, పిల్లి లేచి వీపు పైకెత్తింది. దాన్ని చూసే అన్న స్విచ్ ఆపాడు. దానికి పేరు పెట్టలేదు. అన్న నాలుకతో టక్కుమనిపిస్తే వస్తుంది. ఆ టక్కు తనకు వినబడదు, పిల్లికి వినబడితే చాలు.

సాంచెల కార్ఖానాల్లో నోటిమాట నడవదు. చేతులతోనే మాట్లాడుకుంటాం. పిడికిలి పైకెత్తితే సాంచె ఆపమని. చూపుడు వేలు గాలిలో గుండ్రంగా తిప్పితే నడవనీ అని. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు కొయ్యమని. ఈ నాలుగైదు సైగలతో మా ఊళ్లో మనుషులు బతుకంతా వెళ్లదీస్తారు. ఇంటికొచ్చి అన్నం చాలన్నప్పుడు కూడా పిడికిలే పైకెత్తుతారు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున పిల్లి పాలు ముట్టలేదు. ముందు రోజు కూడా సరిగ్గా తినలేదని మా ఆవిడ అంది. మూలకు పోయి ముడుచుకుని కూర్చుంది. కాసేపటికి తెల్లటి నురుగు కక్కింది. నేను మనసులో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. టీకా వేశాం కాబట్టి ఆ జబ్బు కాదు. నట్టల మందు తాగించాం కాబట్టి అదీ కాదు. ఎలుకల మందు లేదు. ఎండ దెబ్బ కావచ్చు.

"ఎండ గాదు," అంది మా ఆవిడ. "పంజతోని మాటిమాటికి మూతి గీక్కుంటున్నది. నోట్లె ఏమో ఉన్నది."

కరీంనగర్లో టీకా వేసిన డాక్టరమ్మ నంబరు నా ఫోన్‌లో ఉంది. లోపల చప్పుడుకు మాట వినబడదని వీధిలోకి వచ్చి, గోడ నీడలో నిలబడి ఫోన్ చేశాను. సంగతి చెప్పాను.

"మీది సాంచెల ఇల్లు గదా?" అంది ఆమె వెంటనే.

"అవును మేడం."

"నోరు తెరిచి నాలుక కింద చూడుండ్రి. దారం ఉంటది. పిల్లులకు దారం ఆట, ఆట ఆటలనే మింగుతయి. ఒక కొస నాలుకకు చుట్టుకుంటది, ఇంకో కొస పేగులకు పోతది. ఉంటే మాత్రం గుంజకుండ్రి. కొయ్యకుండ్రి కూడా. ఎట్లున్నది అట్లనే తీసుకొని రండి."

"గుంజితే ఏమైతది మేడం?"

"పేగు తెగుతది. సబ్బుబిళ్లను దారంతోని కోస్తం చూడు, గట్ల."

ఆ మాట వింటూనే కిటికీ వైపు తిరిగాను. ఊచల్లోంచి లోపల అన్న కనబడ్డాడు. చెక్కపీట మీద కూర్చుని ఉన్నాడు. పిల్లి అతని మోకాళ్ల మధ్య ఉంది. ఎడమచేత్తో దాని తల పట్టుకున్నాడు. కుడిచేతి చూపుడు వేలికి ఏదో చుట్టుకుంటున్నాడు.

మా ఊళ్లో వేలాడే పోగును ఎవరూ వదిలిపెట్టరు. బట్ట మీద కనిపిస్తే గుంజుతాం, చొక్కా మీద కనిపిస్తే గుంజుతాం, పెళ్లిలో పక్కన కూర్చున్న ముక్కుమొహం తెలియని మనిషి భుజం మీద కనిపించినా గుంజి, వేలికి చుట్టి జేబులో వేసుకుంటాం. అది ఆలోచించి చేసేది కాదు. ఆవలింత వస్తే నోటికి చెయ్యి అడ్డం పోయినట్టు పోతుంది. అన్న పిల్లి మూతి పక్కన పోగు కొస చూశాడు, అంతే.

"అన్నా!" అని అరిచాను. గొంతు చిరిగిపోయేలా అరిచాను. వీధి చివర ఉన్నవాళ్లు తిరిగి చూశారు. అన్న చూడలేదు. పిల్లి నోరు పెద్దగా తెరుచుకుంది. అది అరిచిందని నాకు తెలుసు, ఆ చప్పుడులో నాకూ వినబడలేదు. అన్నకు అసలే వినబడదు. దాని చెవులు వెనక్కి పడుకున్నాయి. ఎప్పుడూ ఆ చెవులు చూసే మనిషి అప్పుడు పోగునే చూస్తున్నాడు.

నేను పరుగెత్తాను. గడప తగిలి ముందుకు తూలాను. మొదటి సాంచె, రెండో సాంచె మధ్య సందులో మనిషి పక్కకు తిరిగి నడవాలి. నేను నేరుగా చొరబడితే కండెల బుట్ట తన్నుకుని నూలు చుట్టిన కండెలు నేలంతా దొర్లాయి. అన్న ఎదుటికి వచ్చి పిడికిలి పైకెత్తాను.

అన్న చెయ్యి అక్కడికక్కడే ఆగింది. నలభై ఏళ్లుగా పిడికిలి చూస్తే ఆగిన చెయ్యి అది. ఎందుకని అడగలేదు. వేలికి రెండు చుట్ల నీలంపోగు ఉంది. వేలి నుంచి పిల్లి మూతి దాకా జానెడు పోగు బిగిసి ఉంది. పోగు మీద తడి ఉంది. ఆ తడి కొద్దిగా ఎర్రగా ఉంది.

వేలి చుట్లు విప్పమని సైగ చేశాను. విప్పాడు. పోగు వదులైంది. పిల్లి గుటక వేసింది. ఆ జానెడులో సగం మళ్లీ లోపలికి పోయింది.

"ఏమైంది?" అన్నాడు అన్న. చెవులు పోయినవాళ్ల గొంతు పెద్దది. "పోగే గద. బయటికి ఎల్తున్నది గద."

పెదవులు కదిపి మెల్లగా చెప్పాను. "లోపల పేగులకు పోయిందట. గుంజితే పేగు తెగుతదట."

అన్న తన వేలు చూసుకున్నాడు. పోగు ఒరుసుకున్నచోట గీత పడింది. ఆ గీతను చాలాసేపు చూశాడు.

సాంచెల స్విచ్‌లు ఆపాను. ఫోను ఇంకా నా చేతిలో నడుస్తూనే ఉంది. డాక్టరమ్మ అడిగింది: "ఎంత పొడుగు మింగిందో అందాజ ఏమన్న ఉన్నదా?"

అది నా ప్రశ్న. ఊళ్లో ఎవరిని అడిగినా నన్నే చూపించే ప్రశ్న. పిల్లిని తీసుకుపోవడానికి మా ఆవిడ నూలు డబ్బాకు గాలి చిల్లులు పొడుస్తుండగా, పిల్లి ఆడిన కండెను చెక్కపీట కింద వెతికి పట్టుకున్నాను. నిండు కండె ఎంత తూగుతుందో నాకు కంఠతా ఉంది. ఇది తూచి, అందులోంచి తీసివేస్తే ఎంత పోగు పోయిందో తేలుతుంది. కండెను త్రాసు మీద పెట్టాను. నిండు కండె ఎంత ఉండాలో సరిగ్గా అంతే చూపించింది.

మళ్లీ పెట్టాను. అంతే.

అప్పుడు గుర్తొచ్చింది. మేం వాడేది ఎనభై డెనియర్ నూలు. అంటే తొమ్మిది వేల మీటర్ల పోగు ఎనభై గ్రాములు తూగుతుంది. ఒక్క గ్రాముకు నూట పన్నెండు మీటర్లు. నా త్రాసుకు గ్రాముకంటే చిన్నది కనబడదు. ఆ పిల్లి కడుపులో ఉన్న పోగు ఒక మీటరు కావచ్చు, నాలుగు మీటర్లు కావచ్చు. ఏదైనా సరే, నా త్రాసు దృష్టిలో అది సున్నా. ఇన్నేళ్లలో నేను అంకెను చూసి భయపడింది అదే మొదటిసారి.

"తెలుస్తలేదు మేడం," అన్నాను.

"ఫికర్ లేదు, రండి. నీళ్లు, పాలు ఏం పెట్టకుండ్రి."

మొదట దొరికిన బస్సు ఎక్కాం. డబ్బాలో పెడితే పంజాతో పోగు గీక్కుంటుందని, అన్న దాన్ని తువాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. తల మాత్రమే బయటికి ఉంది. పోగు కొసను దాని బుగ్గకు ఆనించి బొటనవేలితో అదిమి పెట్టాడు. గుంజకూడదు, మింగనివ్వకూడదు. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా అతని వేలు వైపు చూశాను. మోకాళ్లు ఊగుతున్నాయి, భుజాలు ఊగుతున్నాయి, ఆ బొటనవేలు మాత్రం పిల్లి తలతోపాటే కదులుతోంది.

కండక్టర్ వచ్చి నిలబడ్డాడు. "పిల్లి ఎదురొస్తే బస్సు ఆపుతరు. మరి పిల్లే బస్సెక్కితే ఏం జెయ్యాలె?"

ముందు సీట్లో ఇద్దరు నవ్వారు.

"పానం బాగలేదే. దవఖానకు," అన్నాను.

"గట్లనా. అయితే కూసోనియ్. గా మూలకు కుదుపులెక్కువ, ఈ ముంగటి సీట్లకు రాండ్రి," అని ఇద్దర్ని లేపి మమ్మల్ని కూర్చోబెట్టాడు.

అక్కడ అసలు భయం మొదలైంది. బస్సు నిండా మా ఊరివాళ్లే. పక్క సీటులోని ముసలమ్మ పిల్లి వైపు వంగి, "అయ్యో బిడ్డ, మూతికి పోగు ఏలాడవట్టె," అంటూ చెయ్యి చాపింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"అవ్వా, ముట్టకు!"

"ఏందిరా, తీద్దామంటే తిడుతున్నవ్?"

"తీస్తే సస్తదే. లోపల పేగుకు పట్టింది."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంగులో దాచుకుంది. కాసేపటికి వెనక నుంచి ఒకతను భుజం మీదుగా వంగాడు, వేళ్లు ముందుకొచ్చాయి. ఈసారి ముసలమ్మే కొట్టింది ఆ చేతి మీద. "ముట్టకురా! పేగుకు పట్టిందట." దిగేలోపు ఇంకొకావిడ. అందరివీ మంచి చేతులే. ఆ మంచి చేతుల నుంచి పిల్లిని కాపాడుకుంటూ కరీంనగర్ చేరేసరికి నా మెడ పట్టేసింది.

డాక్టరమ్మది ఆదిలాబాద్. మాటల్లో మరాఠీ దొర్లుతుంది. పిల్లి బల్లమీద గింజుకుంటుంటే "థాంబ్, థాంబ్" అని దాని చెవిలో అంది, ఆగమని. దాని నోరు తెరిచి, గొంతు కింద వేలితో పైకి నెట్టింది. నాలుక కింద పోగు చర్మంలోకి దిగి కనబడింది. పొట్ట మీద చెయ్యి వేసి తడిమింది. అలా తడుముతున్నప్పుడు ఆమె ముఖం నుంచి నవ్వు పోయింది. కడుపు స్కానింగ్ చేసి తెర మావైపు తిప్పింది.

"చీర కుచ్చిళ్లు పెట్టుకుంటం చూడండి, పేగు మొత్తం గట్ల కుచ్చిళ్లు పడ్డది. దారం ఒక కొస నాలుకకు గట్టిగున్నది. పేగేమో దారాన్ని కిందికి గుంజుకుంట పైకి ఎక్కుతున్నది. ఇప్పుడే తెరవాలె."

"బతుకుతదా మేడం?"

"పేగు ఎక్కడన్న తెగి ఉంటే కష్టం. తెరిస్తెనే తెలుస్తది."

అన్న ఆమె పెదవుల్నే చూస్తున్నాడు. ఏ ముక్క అందిందో, ఏది అందలేదో తెలియదు. ఆ చిన్న గదిలో, కుక్కలతో, పిల్లులతో కూర్చున్న వాళ్లందరూ ఉలిక్కిపడేలా అన్నాడు: "నేను గుంజిన. జానెడు గుంజిన. నేనే."

పెద్ద కుక్కను పట్టుకుని కూర్చున్న ఒకాయన దాని గొలుసును దగ్గరికి లాక్కున్నాడు.

డాక్టరమ్మ అన్న ఎదురుగా వచ్చి నిలబడింది. నేనేమీ చెప్పకుండానే మెల్లగా, పెదవులు విడివిడిగా కదిపింది. "కాకా, మీరు వచ్చిండ్రు. అది మంచిగైంది. కూసోండి."

తలుపు మూసుకుంది. మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. గోడకు కుక్కల టీకాల పట్టిక, పిల్లుల టీకాల పట్టిక ఉన్నాయి. ఏ వయసుకు ఏది, మళ్లీ ఎప్పుడు. నేను చదివి తూచా తప్పకుండా చేసిన పట్టిక అది. పైనుంచి కిందికి మళ్లీ చదివాను. అందులో ఎక్కడా దారం లేదు. ఉండదు కూడా. ప్రతి ఇంటికి దాని సొంత ఆపద ఉంటుంది, దాన్ని ఆ ఇంటివాళ్లే వెతుక్కోవాలి. మా ఇంట్లో అది నేలంతా పరుచుకుని, మా కాళ్లకు చుట్టుకుని, మాకు అన్నం పెడుతోంది. అందుకే కనబడలేదు.

అన్న ముక్కు రుద్దుకున్నాడు, వేలు చూసుకున్నాడు. మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు, మళ్లీ వేలు చూసుకున్నాడు. గీత అప్పటికే పోయింది. అయినా చూస్తూనే ఉన్నాడు.

తలుపు తెరుచుకున్నప్పుడు డాక్టరమ్మ చేతిలో స్టీలు పళ్లెం ఉంది. అందులో నీలంపోగు తడిగా, మూడు నాలుగు ముక్కలుగా పడి ఉంది. ముక్కల్ని గాజుగుడ్డ మీద వేయించుకుని, ఒకదాని పక్కన ఒకటి సాగదీసి చూశాను. నా రెండు చేతులు బారజాపితే ఎంతో, దానికి కాస్త తక్కువ. అంతే. ఇంతదాని కోసమా అనిపించింది. వెంటనే, ప్రాణం తీయడానికి ఇంత చాలా అనిపించింది.

"పొట్ట దగ్గర ఒకటి, పేగు మీద రెండు, మొత్తం మూడు చోట్ల కోసి తీసినం," అంది. "ఒక్క దగ్గర పేగు బాగా పలచబడ్డది. తెగలే గని తెగేటట్టున్నది. అక్కడ కూడ కుట్టేసిన. ఇగ మూడు నుంచి ఐదు రోజులు భయమే. కుట్టు దగ్గర లీకైతే కడుపంతా చీము పడ్తది."

నేను గొంతు తగ్గించాను, తగ్గించాల్సిన పని లేకపోయినా. "ఆ పలచబడ్డది... మా అన్న గుంజినందుకేనా?"

"చెప్పలేం. రెండు రోజుల నుంచి పేగే దాన్ని ఒరుసుకుంటున్నది. గుంజినందుకు గావొచ్చు, గాకపోవొచ్చు."

అన్న నా భుజం తట్టాడు. ఏమన్నది అని సైగ. నేను చెయ్యి ఎత్తి, ఎత్తినచోటే ఆగాను. మా కార్ఖానా సైగల్లో 'కావచ్చు' లేదు. సాంచె నడుస్తుంది, లేదా ఆగుతుంది. పోగు ఉంది, లేదా తెగింది. 'చెప్పలేం' అనడానికి ఏ వేలు ఎత్తాలో మాకు ఎవరూ నేర్పలేదు. పెదవులతో చెప్పాను. "తెల్వదట అన్నా. నీ వల్లనో కాదో తెల్వదట."

అన్న తలాడించాడు. 'తెల్వదట' అన్నది అతనికి అందలేదు. 'నీ వల్ల' అన్నది అందింది. అతని ముఖం చూస్తే తెలిసిపోయింది. మళ్లీ చెప్పాను, డాక్టరమ్మ కూడా చెప్పింది. అన్న ఇద్దరికీ తలాడించాడు.

పిల్లిని అక్కడే ఉంచాలన్నారు. అన్న రానన్నాడు. బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకుని పగలంతా దాని దగ్గర కూర్చుంటానన్నాడు. "పిల్లి ఒర్లితే నీకేం వినబడ్తది?" అన్నాను. "దాని చెవులు నేను జూస్త," అన్నాడు.

నేను ఒక్కడినే ఇంటికి వచ్చాను. సాంచెలు ఆగి ఉన్నాయి. అంత నిశ్శబ్దంగా ఆ గదిని ఎప్పుడూ చూడలేదు. లైటు వేస్తే నేల కనబడింది. సాంచె కాళ్లకు పోగులు. చెక్కపీట మేకులకు పోగులు. చీపురుకు పోగులు. దొర్లిన కండెల నుంచి గది ఆ చివర దాకా పోగులు. ఏటా నేను వేస్టు రెండు శాతం అని లెక్క కడతాను. రెండు శాతం అంటే మంచి కార్ఖానా. ఆ రెండు శాతం ఇదే. బారెడు బారెడు ముక్కలుగా నేలమీద పడి ఉంది. ఒక్కో ముక్క ఒక్కో ప్రాణానికి చాలు.

మోకాళ్ల మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. మా ఆవిడ గడపలో నిలబడి చూసింది. తర్వాత కొంగు బిగించి తనూ కూర్చుంది.

"ఇన్నేండ్లు నేను ఊడ్చిన ఇల్లే ఇది," అంది. "గిప్పుడు అడుగు పెట్టాలంటె భయమైతుంది."

అన్నకు ఫోన్ చేస్తే వినలేడు. వీడియో కాల్ ఒక్కటే దారి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తెర మీద పిల్లి కనబడేది, మెడ చుట్టూ గొట్టంలాంటి పట్టీతో, కాలికి సెలైన్ సూదితో. దాని వెనక అన్న. మా ఆవిడ అన్నం తిన్నావా అని సైగ చేసేది. అన్న పిడికిలి ఎత్తేవాడు, చాలు అని. ఆ పిడికిలి చూసినప్పుడల్లా, అది అన్నం గురించేనా అని నేను తెరలో పిల్లి వైపు చూసేవాణ్ణి.

మూడో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మే ఫోన్ చేసింది. "జ్వరమొచ్చింది. పొట్ట ముట్టుకుంటే ముడుచుకుంటున్నది. సాయంత్రం దాక మందులతోని చూస్త. తగ్గకపోతే మళ్ల తెరవాలె. రెండోసారి తెరిస్తే..." అని ఆగింది. ఆ వాక్యం నేను పూర్తి చేయించలేదు.

"మా అన్నకు చెప్పిండ్రా?"

"చెప్పిన. కాకా బయటికి పొయ్యి కూసున్నడు."

ఆ సాయంత్రం దాకా నేనేం చేశానో సరిగ్గా గుర్తులేదు. రెండు సాంచెలు వేశాను, పోగులు తెగాయి, ఆపేశాను. నాకు భయం పిల్లి గురించా, అన్న గురించా అని విడదీసి చూసుకోబోయాను, కుదరలేదు. పిల్లి పోతే ఆ మనిషి వేలు చూసుకుంటూ మిగులుతాడు. మళ్లీ సాంచె ముందు నిలబడతాడు, తప్పదు. పోగు తెగుతుంది, అందుకోవడానికి ఆ చెయ్యే ముందుకు పోవాలి. తెగినప్పుడల్లా, రోజుకు ఎన్నిసార్లని. ఎవరు వచ్చినా చెవి తిప్పి చూపించేది ఉండదు. ఆ గదిలో ఆ మనిషి ఒక్కడే, ఆ చప్పుడు లేని చప్పుడులో.

ఫోను మోగింది. వీడియో కాల్. నాకంటే ముందు మా ఆవిడే తీసుకుని పట్టుకుంది. తెర మీద ముందు పంకా కనబడింది. తర్వాత గోడ. తర్వాత అన్న చొక్కా గుండీలు. ఫోను సరిగ్గా పట్టుకోవడం అతనికి ఎప్పుడూ రాదు. ముఖం వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెయ్యి పైకి లేచింది. పిడికిలి.

మా ఆవిడ "అయ్యో" అంది.

పిడికిలిలోంచి చూపుడు వేలు విడివడింది. గాలిలో ఒక చుట్టు తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది. నడవనీ.

తెరలో అన్న వెనక నుంచి డాక్టరమ్మ గొంతు వినబడింది. "జ్వరం దిగింది. పాల నీళ్లు జర నాకింది. ఇంకా రెండు రోజులు చూద్దాం, జల్దీ ఖుషీ కాకుండ్రి." అన్నకు ఆ మాట వినబడలేదు. వేలు తిప్పుతూనే ఉన్నాడు.

పిల్లి ఇంటికి వచ్చింది. బొచ్చు గొరిగిన పొట్టతో కొన్నాళ్లు ఎవరిదో పిల్లిలా తిరిగింది. కార్ఖానాలో మూతలున్న డబ్బాలు నాలుగు పెట్టాం, సాంచెకు ఒకటి. రంగు డబ్బాలు కడిగినవే. తెగిన ప్రతి పోగూ అందులో పడాలి. కండెల బుట్టకు మూత. సాంచె ఆపే ముందు నేల ఊడవాలి. పిల్లి పీటను గడప అవతలికి జరిపాం. అక్కడి నుంచి కూడా అది చెవులు తిప్పగలదు, అన్న చూడగలడు. టీకా తేదీ వస్తే వేయిస్తున్నాను, నట్టల మందు తాగిస్తున్నాను. క్యాలెండర్లో సున్నాలు అలాగే ఉన్నాయి. వాటిని చూస్తే మునుపటి ధీమా మాత్రం రావడం లేదు. రోజూ సాయంత్రం దాని నోరు తెరిచి నాలుక కింద చూస్తాను. మా ఆవిడ ఇప్పుడు నవ్వదు. టార్చిలైటు పట్టుకుంటుంది.

అన్న చేతికి మాత్రం ఒక కొత్త అలవాటు వచ్చింది. మొన్న నా చొక్కా మీద పోగు వేలాడుతోంది. అన్న చెయ్యి ఎప్పటిలాగే లేచింది, నా భుజం దాకా వచ్చింది, జానెడు దూరంలో ఆగింది. నా ముఖం చూశాడు. తీయనా అని అడుగుతున్నట్టు.

నాకు తెలుసు, అది చొక్కా పోగు. ఆ కొసన ఏమీ లేదు. అయినా వేలు తిప్పే ముందు నేను తల తిప్పి పిల్లి ఎక్కడుందో చూశాను. గడప అవతల పీట మీద ఉంది. నోరు మూసుకుని ఉంది. చెవులు మా వైపే ఉన్నాయి.